తడి దుప్పటి మీద ఒక ప్రశ్న

ఒక దేశంలో విజ్ఞానం ఎదగాలంటే ముందు బ్యాడ్జీలు ఎదగాలి. డిగ్రీ ఫిజిక్సు విద్యార్థుల జాతీయ సదస్సు నిర్వాహకులు ఈ సత్యాన్ని అందరికంటే ముందే కనుక్కున్నారు. వేదిక మీద కూర్చునేవాళ్లకి బంగారు రంగు బ్యాడ్జీ, పేపరు చదివేవాళ్లకి నీలం, వెంట వచ్చినవాళ్లకి బూడిద రంగుది. దాని మీద "తోడు" అని ఉంటుంది. తోడు వరండాలో కూర్చోవచ్చు, మంచినీళ్లు తాగవచ్చు. గదుల్లోకి వెళ్లకూడదు, ప్రశ్నలు అడగకూడదు. (బాత్రూమ్ ఎక్కడ అనేది ప్రశ్న కిందికి రాదని కన్వీనరుగారు దయతలిచారు.)

ఆ బూడిద బ్యాడ్జీ మెడలో వేసుకుని వరండాలో కూర్చుంది తల్లి. నీలం బ్యాడ్జీ కూతురిది.

కూతురి పేపరు తడి దుప్పటి మీద. తీగ మీద ఆరేసిన దుప్పటి కింది అంచే ఆఖరున ఎందుకు ఆరుతుందన్నది విషయం. దీని కోసం వానాకాలమంతా ఆ ఇంట్లో తీగ మీది బట్టలు ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేకపోయింది. తండ్రి తడి ఆరని చొక్కాలతో ఆఫీసుకు వెళ్లి, తుమ్ముతూ తిరిగొచ్చేవాడు.

"ఎవరో ఒకరు ఒక్క ప్రశ్న అడిగితే చాలమ్మా," అంది కూతురు పొద్దున బస్సులో. ప్రశ్న పడి, దానికి జవాబు చెప్పినవాళ్లలోంచే వేసవిలో తమ దగ్గర పరిశోధనకు ఒక పరిశోధనాలయం వాళ్లు ఒకరిని ఎంచుకుంటారు. ప్రశ్న పడకపోతే ఎంత బాగా చెప్పినా లెక్కలోకి రాదు.

"ఎందుకడగరే? నేనైతే వంద అడుగుతాను."

"నువ్వు ఇంట్లో అడిగినవి చాల్లే."

పొద్దుటి పూటంతా ప్రారంభోత్సవం మింగేసింది. ముఖ్య అతిథిగారు సమయపాలన మీద మొదలుపెట్టి, భోజనాలు చల్లారేదాకా ఆపలేదు. దాంతో కన్వీనరుగారు మైకు అందుకుని, ఎవరికీ అన్యాయం జరగకుండా, భోజనాలయ్యాక విద్యార్థులందరూ ఒకేసారి, తలా ఒక గదిలో పేపర్లు చదువుతారని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అందరూ చదువుతుంటే వినేదెవరన్న సంగతి చప్పట్లు ఆగాక గాని కూతురికి తట్టలేదు. వరండాలోకి వచ్చి, పాలిపోయిన ముఖంతో తల్లికి చెప్పింది.

"ఉండు, నేను చూస్తా," అని తల్లి బ్యాడ్జీల కౌంటరుకు నడిచి, కూతురి గదిలో ఒక్క ప్రశ్న అడగనివ్వమంది.

గుమస్తా ఆవిడ మెడలోని బ్యాడ్జీ చూసి తల అడ్డంగా ఊపాడు. "ప్రశ్న అడిగే హక్కు నీలం బ్యాడ్జీకేనండీ."

"అయితే నీలందే ఇవ్వండి."

"దానికి పేపరు చదవాలి. మీరు డిగ్రీ విద్యార్థేనా?"

"రెండో ఏడాదిలో ఉండగా పెళ్లి చేశారు. పూర్తికాలేదు."

"పూర్తికాలేదంటే ఇంకా చదువుతున్నట్టే." ఇన్నేళ్లలో ఆవిడతో ఎవరూ అనని మాట అది. "విషయం?"

"తడి దుప్పటి."

"సిద్ధాంతమా, ప్రయోగమా?"

"రోజూ ఆరేస్తానండీ."

"ప్రయోగం," అని రాసుకుని నీలం బ్యాడ్జీ చేతికిచ్చాడు.

కూతురి గదివైపు రెండడుగులు వేసిందో లేదో, వాలంటీరు అడ్డం వచ్చింది. "మేడమ్, మీ గది అది కాదు, పక్కది. నీలం బ్యాడ్జీ వాళ్లంతా ఇప్పుడే చదవాలి." (ప్రశ్న అడగడానికి నీలం బ్యాడ్జీకి హక్కుంది. తీరికే లేదు.)

పక్క గదిలో ఖాళీ కుర్చీలు, ఒక బల్ల, బల్ల వెనక గదికి అధ్యక్షుడైన రిటైర్డ్ లెక్చరరు. "కానివ్వండమ్మా," అని ఆయన కళ్లు మూసుకున్నారు. రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ ఒక్కటే. అవతల కూతురు ఖాళీ కుర్చీలతో మర్యాదగా "మీకందరికీ తెలిసినట్టే" అంటూ మాట్లాడుతోంది. చివరికి ఆ గొంతు సన్నబడింది.

"ఏమైనా... ప్రశ్నలు?"

తల్లి గోడ దగ్గరికెళ్లి, వానొస్తోంది బట్టలు తియ్యమని డాబా మీంచి అరిచినట్టు అరిచింది.

"కింది అంచు ఆరట్లేదు సరే, దుప్పటి తిరగేసి ఆరేస్తేనో?"

కూతురి గొంతు లేచింది, ఈసారి నిండుగా. "మంచి ప్రశ్నండీ! నీళ్లు కారుతుండగా తిరగేస్తే లాభం లేదు, ఆరినచోటే మళ్లీ తడుస్తుంది. కారడం ఆగాక తిరగేస్తే, అంచులో మిగిలిన తడి దుప్పటంతా పరుచుకుని పలచబడుతుంది. త్వరగా ఆరుతుంది."

అధ్యక్షుడు కళ్లు తెరిచి, ఏదో రాసుకుని, మళ్లీ మూసుకున్నారు.

సాయంత్రం ముగింపు సభలో కన్వీనరుగారు నివేదిక చదివారు. విద్యార్థులు ఎంత స్పష్టంగా చెప్పారంటే, ఏ గదిలోనూ ఎవరికీ సందేహమన్నదే రాలేదట. ఒక్క గదిలో మాత్రం ప్రశ్న పుట్టింది, జవాబూ వినపడింది. కాబట్టి వేసవి పరిశోధనకు ఆ గదిలో పేపరు చదివినవారిని ఎంపిక చేశామంటూ తల్లిని వేదిక మీదికి పిలిచారు.

"జవాబు చెప్పింది మా అమ్మాయండీ, గోడ అవతల!"

"గోడ అవతలి అధ్యక్షుడికి ఏమీ వినపడలేదటమ్మా." (ఆయన భోజనం నుంచి ఇంకా రాలేదు.)

"పోనీ, నా బదులు దాన్ని పంపిస్తాను."

"బదులు కుదరదు. కానీ మా నిబంధనల్లో మానవత్వం ఉంది. ఎంపికైనవారు వెంట ఒకరిని తెచ్చుకోవచ్చు."

అని కన్వీనరుగారు స్వయంగా వేదిక దిగివచ్చి, కూతురి మెడలోని నీలం బ్యాడ్జీ తీసి, బూడిద రంగుది వేశారు. కూతురు ఏదో అడగబోయింది.

"తోడు ప్రశ్నలు అడగకూడదమ్మా," అన్నారాయన మెత్తగా.