ఖాళీ పెట్టెకు బిల్లు

2004లో ఒక ఆదివారం పొద్దున బెంగళూరు సర్జాపుర రోడ్డులోని ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు రెండు బళ్ళు వచ్చి ఆగాయి. ఒకటి తెల్లటి ఎస్‌యూవీ, రెండోది వెనక ట్రే ఉన్న పికప్పు. రెండింటినీ పంపింది పిల్లప్ప అనే పాత బళ్ళ బ్రోకరు. ఆ రోజంతా నడిపి చూసి, ఒకటి ఉంచుకుని రెండోది తిప్పి పంపాలని ఒప్పందం.

దామోదర్‌కి పికప్పు మీద మనసు. భార్య మార్తకి ఎస్‌యూవీ మీద. నెలరోజులుగా ఇంట్లో ఇదే రగడ.

"డైలీ యూజ్‌కి పికప్పే బెస్టు మార్తా. ఎంత లోడైనా వేసుకోవచ్చు."

"నువ్వు డైలీ మోసేది ఒక్క ల్యాప్‌టాప్ బ్యాగు. దానికి లారీ ఎందుకు?"

టిఫిన్లు కాకముందే ఫోను మోగింది. హోసూరులో ఉంటున్న గమాలియేలు పెదనాన్న రాత్రి నిద్రలోనే పోయాడట. తండ్రి లేని మార్తని చదివించింది ఆయనే. కులమూ మతమూ కలవని దామోదర్‌ని ఆ కుటుంబంలో మొదట భోజనానికి పిలిచిందీ ఆయనే. మార్త ఏడుస్తూనే ఎస్‌యూవీ తాళాలు తీసుకుని బయలుదేరింది.

కాసేపటికి ఆమె నుంచి ఫోను. "ఇక్కడి పెట్టెలు పెదనాన్నకి సరిపోవట్లేదు. కాళ్ళు బయటికొస్తున్నాయి. ఆదివారం కదా, కొత్తది చేసిచ్చేవాళ్ళు లేరు. బెంగళూరులో పెద్దది చూసి తీసుకురా. ఐసు కూడా కరిగిపోతోంది." ఒక్క క్షణం ఆగి, "పికప్పులో వేసుకురా," అంది.

పెదనాన్న పోయిన దుఃఖం దామోదర్‌కి నిజంగానే ఉంది. అయినా ఆ చివరి మాట లోపలెక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి వెంటనే సిగ్గుపడ్డాడు కూడా.

శివాజీనగరంలో ఆరున్నర అడుగుల పెట్టె దొరికింది. చావు పనికి బిల్లు అడగడం ఏం బాగుంటుందని అతను అడగలేదు. తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర కర్ర అడ్డం పడింది. అక్కడి అధికారి అశ్వత్థప్ప వచ్చి పెట్టెని వేలితో తట్టాడు.

"గూడ్సు బండి. బిల్లు ఏదప్పా?"

"సార్, ఇది శవపేటిక."

"తెలస్తానే ఉండాది. ఖాళీదా, నిండిందా? ఖాళీదైతే సరుకు. సరుకుకి బిల్లు ఉండల్ల. లోపల మనిషుంటే బిల్లు అడిగేంత పాపిని కాదు నేను."

దామోదర్‌కి దారి కనిపించినట్టయింది. "ఉన్నారు సార్. మా పెదమామగారు."

అశ్వత్థప్ప టోపీ తీసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. తరువాత చెయ్యి చాచాడు. "డాక్టరు కాగితం ఇయ్యప్పా. పంపించేస్తా."

"అది... హోసూరులో ఉంది."

"మనిషి ఈడ, కాగితం ఆడనా? ఏ ఊళ్ళో సచ్చిపోయినాడు?"

"హోసూరులోనే."

"హోసూరులో సచ్చిపోయినోడు బెంగళూరు నుంచి ఎట్ల వస్తుండాడు?"

అశ్వత్థప్ప సైగ చేశాడు. ఇద్దరు మనుషులు పెట్టెని కిందికి దించి మూత ఎత్తారు. లోపల తెల్లటి పట్టుగుడ్డ తప్ప ఏమీ లేదు.

"ఉండాడంటివే! ఏం చేసినావప్పా ఆయన్ని?"

ఆ కేక విని ఆగి ఉన్న లారీల డ్రైవర్లంతా దిగివచ్చారు. శవాన్ని దారిలో ఎక్కడో పారేశాడన్నాడు ఒకడు. ఆస్తి తగాదా అయ్యుంటుందన్నాడు ఇంకొకడు. ఎవరో బండి తాళాలు లాక్కున్నారు, ఎవరో పోలీసుల్ని పిలవమన్నారు. దామోదర్ మార్తకి ఫోను కలిపాడు.

"పెదనాన్నని నేనేదో చేశానంటున్నారు మార్తా!"

"ఆయన ఇక్కడ నా ముందే ఉన్నారు కదా!"

అశ్వత్థప్ప ఫోను అందుకున్నాడు. "నోటి మాట చెల్లదమ్మా. మనిషిని చూపించల్ల."

ఎండ వాలుతుండగా హోసూరు వైపు నుంచి తెల్ల ఎస్‌యూవీ వచ్చింది. నడుపుతున్నది మార్త. వెనక సీట్లు మడిచి, ఐసు గడ్డల మధ్య పెదనాన్నని పడుకోబెట్టారు. ఆయన తల గేరు రాడ్డు పక్కన ఉంది, పాదాలు వెనక తలుపులోంచి బయటికి ఉన్నాయి. ఆ పాదాలు పట్టుకుని, బైబిలు చంకలో ఇరికించుకుని, చర్చి అయ్యగారు వంగి కూర్చున్నారు.

మార్త దిగి డాక్టరు కాగితం అశ్వత్థప్ప చేతిలో పెట్టింది. అతను కాగితం చదివి, లోపలి ముఖాన్ని చూసి, చుట్టూ తిరిగి వచ్చి పాదాలు కూడా చూశాడు.

"పెద్ద మనిషమ్మా," అన్నాడు నెమ్మదిగా.

దామోదర్‌ని హంతకుడన్న లారీ డ్రైవర్లే పెదనాన్నని ఎత్తి పెట్టెలో పడుకోబెట్టారు. కొలిచి చేసినట్టు సరిపోయింది. పెట్టెని పికప్పు మీదికి ఎక్కించారు. "ఇప్పుడు సరిగ్గా ఉండాది. పోండప్పా," అని అశ్వత్థప్ప తనే కర్ర ఎత్తాడు.

మార్త ఎస్‌యూవీ తాళాలు అయ్యగారికిచ్చి, ఎన్నడూ ఎక్కనన్న పికప్పు ట్రేలోకి ఎక్కి, మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. "మెల్లగా పోనీ. గుంటలున్నాయి," అంది. దామోదర్ హోసూరు దాకా రెండో గేరు దాటలేదు. అద్దంలో ఆమె వీపు ఏడుపుకి ఒకటే కదులుతూ కనిపించింది. చీకటి పడే వేళకి సమాధి చేశారు. మొదటి పిడికెడు మట్టి మార్త వేసింది, రెండోది దామోదర్ చేత వేయించింది.

మర్నాడు పొద్దున పిల్లప్ప వచ్చి, రెండు బళ్ళ తాళాలూ తీసుకుని తలుపులు తెరిచి చూశాడు. ఎస్‌యూవీలో మ్యాట్లన్నీ ఐసు నీళ్ళకి తడిసి ముద్దయ్యాయి. పికప్పులో పూలరేకులు. గేటు దగ్గరి వాచ్‌మన్‌ని రెండు ముక్కలు అడిగేసరికి సంగతంతా తెలిసిపోయింది.

"శవమెక్కిన బళ్ళు సార్! ఒకటి కాదు, రెండూ పాడు చేస్తిరే! ఇంకెవురు కొంటారు వీటిని?"

"శవం కాదు. మా పెదనాన్న." మార్త అతని చేతిలోంచి ఎస్‌యూవీ తాళం లాక్కుంది. "ఇది మాది."

దామోదర్ ఊపిరి పీల్చుకున్నాడు. నిన్నటి నుంచి అతనికి పికప్పు వంక చూడాలంటేనే భయంగా ఉంది. ఇంతలో మార్త రెండో తాళం కూడా అందుకుంది.

"అదీ మాదే. ఆయన చివరికి వెళ్ళింది అందులోనే."

ఆ రెండు బళ్ళ అప్పు వాయిదాలు తీరేదాకా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆఫీసుకి సిటీ బస్సులో వెళ్ళారు.