జాబితాలో లేని ప్రోగ్రాము

శబ్దం పోయింది తిరుత్తణి కొండ మీద జరిగే ఆడికృత్తిక పండుగకు ముందు శనివారం నాడు. ఆ ఉదయం ఆదికేశవులు పెట్టుకున్న పని చిన్నది. ఆయన తిరుత్తణి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాడు. భార్య కోకిల బతికుండగా ఆ బడి పిల్లల కోసం ఒక పాఠం చదివి, ఇంట్లోని లినక్స్ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసింది. కిందటి చలికాలంలో ఆమె చనిపోయింది. తమిళం గబగబా చదివే పిల్లలకు తెలుగు కోకిల చదివే వేగంలో అందదు. అందుకని, గొంతు మారకుండా నిదానంగా వినిపించే ప్రోగ్రామును ఎక్కించి సోమవారం తరగతిలో ఆ పాఠం పెట్టాలనుకున్నాడు.

ఆ ప్రోగ్రాము కంప్యూటరు చూపించే సాఫ్ట్‌వేర్ జాబితాలో లేదు. కోకిల తమ్ముడు హేమనాథ్ మణవాళనగర్‌లో ఉంటాడు, కంప్యూటరు ఉద్యోగం. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము మూల రాత, దించుకుని మనమే తయారు చేసుకోవచ్చని చెప్పి, టైపు చేయాల్సిన ఆదేశాలు ఫోనుకు పంపాడు. ఆదికేశవులు ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. తెర నిండా వరుసలు పరుగెత్తి ఆగాయి. ప్రోగ్రాము వచ్చింది. పాఠం అయ్యాక నల్లబల్ల తుడవకుండా ఆయన ఏనాడూ తరగతి వదల్లేదు. ఆ అలవాటు కొద్దీ, పని అయిపోయిన సోర్స్ ఫోల్డరును తుడిచేశాడు, చెత్తబుట్టతో సహా.

అప్పుడు కోకిల పాఠం పెట్టాడు. తెర మీద, పాఠం ఎంత నడిచిందో చూపే గీత కదిలింది, శబ్దం లేదు. పాత ప్లేయరులో పెట్టాడు. అక్కడా గీత కదిలింది, శబ్దం లేదు. కొత్త ప్రోగ్రాము ఆమె గొంతును తినేసిందని ఆయనకు తోచింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. అంతలో ఒక ఆడగొంతు గట్టిగా వినబడింది. ఆయన స్పీకరుకు చెవి ఆనించాడు. వీధి చివర అమ్మవారి గుడి మైకు.

ప్రోగ్రామును తీసేయమని కంప్యూటరుకు చెప్పాడు. అలాంటిది ఎక్కించనే లేదని జవాబు వచ్చింది. తెరిస్తే తెరుచుకుంటుంది, తీయబోతే లేదంటుంది. హాజరుపట్టీలో పేరు లేని పిల్లవాడు ముందు బెంచీలో కూర్చున్నట్టుంది. ఆయన హేమనాథ్‌కు ఫోన్ చేశాడు. హేమనాథ్ పెరియపాళయంలో ఆడి నెల మొక్కులకు వచ్చిన అమ్మవారి గుడి జనం మధ్య ఉన్నాడు. పక్కనే అతని భార్య నిత్య పొంగలి పెడుతోంది.

“మనం తయారు చేసి ఎక్కించింది దాని లెక్కలోకి రాదు బావా. దాన్ని తీసేయాలంటే ఆ సోర్స్ ఫోల్డరులోకి పోయి మేక్ అన్‌ఇన్‌స్టాల్ అని కొట్టు.”

“ఫోల్డరు యాడుండాది? తుడిచేస్తి గదా.”

“ఎందుకు తుడిచినావు?”

“పని అయిపోయింది గదా అని.”

హేమనాథ్, దాన్నే మళ్లీ దించుకుని, మళ్లీ తయారు చేసి, ఆ ఫోల్డరులోంచి తీసేయమన్నాడు. పాత వెర్షనే దించుకోవాలని చెప్పేలోగా లైను తెగింది. ఆదికేశవులు సైటులో పైన కనబడిన కొత్త వెర్షన్ దించి, తయారు చేసి, తీసేసే ఆదేశం కొట్టాడు. అది తనకు తెలిసిన పేర్లున్న ఫైళ్లను తీసేసి, పాతదాని ఫైళ్లను సగం వదిలేసింది. ఇప్పుడు ప్రోగ్రామూ తెరుచుకోవడం లేదు, శబ్దమూ రావడం లేదు.

మళ్లీ ఫోన్ కలిసింది. “మిగిలింది గూడా తీసేయాల. ఒక్క జాడ ఉండకూడదు” అన్నాడాయన. అంబలి గిన్నెతో గడపలోకి వచ్చిన ఆయన అక్క మునియమ్మ ఆ మాట విన్నది. తెర మీద కోకిల పేరు చూసింది. గిన్నె అక్కడే దించి, వెనక్కి వెళ్లి నిత్యకు ఫోన్ చేసింది. తమ్ముడు కోకిల గొంతు తుడిచేస్తున్నాడని, రెండో పెళ్లికి ఎవరినో చూసుకున్నట్టున్నాడని చెప్పింది.

మధ్యాహ్నానికి భార్యాభర్తలు తిరుత్తణి చేరారు. కొండకు కావళ్లు మోసుకుపోయే జనంలో కారు కదలక, దాన్ని వదిలి నడిచి వచ్చారు. నిత్య జడలో వేపాకు, చంకలో పొంగలి గిన్నె. దారంతా హేమనాథ్ విషయం వివరించాడు. అన్‌ఇన్‌స్టాల్ అనే మాట విన్న కొద్దీ ఆమె అనుమానం గట్టిపడింది.

“అన్నా, మీరు ఎవరినన్నా కట్టుకోండి, మేము అడ్డం రాము. వదిన గొంతు మాత్రం మాకిచ్చేయండి.”

“ఎవరినమ్మా కట్టుకునేది?”

“అది మాకెట్లా తెలుస్తుంది? నువ్వే చెప్పాల” అన్నది మునియమ్మ.

హేమనాథ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆ ప్రోగ్రాము తన సొంత సౌండ్ లైబ్రరీ ఒకటి, అంటే శబ్దం పలికించే ఫైళ్లు, తెచ్చిపెట్టిందని, పాత ప్లేయరు కూడా దాన్నే పట్టుకుని మూగబోయిందని, ఫైలుకు ఏమీ కాలేదని చెప్పాడు. పాత వెర్షనే దించి, అలాగే తయారు చేసి, మేక్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టాడు. ఫైళ్లు ఒక్కొక్కటే పోయాయి. పాఠం పెట్టాడు.

కోకిల చదువుతోంది. గబగబా, ఎప్పటిలాగే.

“ఫైలును ఫోనులో వేసుకున్నా వినబడుండును బావా” అన్నాడు హేమనాథ్ మెల్లగా. “నాకూ తట్టలేదు.”

ఆమె పోయినప్పటినుంచి ఆదికేశవులు ఆ పాఠాన్ని మొదటి పేరా దగ్గరే ఆపేస్తూ వచ్చాడు. ఈ రోజు నలుగురూ ఉండటంతో ఆపడానికి చేయి రాలేదు. పాఠం అయిపోయింది. కాగితం తిప్పిన చప్పుడు. “ఇప్పుడు నిదానంగా చదువుతా. మీరూ నాతో చదవండి” అన్నది కోకిల. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టింది, ఒక్కొక్క మాట విడదీసి.

“ఇంతవరకు వినలేదా అన్నా?” అని అడిగింది నిత్య.

“లేదమ్మా.”

మునియమ్మ పొంగలి గిన్నె మూత తీసింది. వెళ్లేముందు హేమనాథ్ ఒక మాట చెప్పాడు. ప్రోగ్రాము శుభ్రంగా పోయిందట. కానీ హోమ్ డైరెక్టరీలో, అంటే ఆయన సొంత ఫైళ్లుండే చోట, అది పెట్టుకున్న చిన్న సెట్టింగుల ఫోల్డరు మిగిలి ఉంటుంది. కోకిల పాఠంతో సహా ఏ ఫైలు ఎంతవరకు నడిచిందో అందులో ఉంటుంది, అన్‌ఇన్‌స్టాల్ దాని జోలికి పోదు, మనమే చేత్తో తీయాలి.

ఆదికేశవులు ఆ పని ఇంకా చేయలేదు.