పోచక్క మొగడు తిరిగొచ్చిన రోజు

బీరప్ప పండుగ నాటి పొద్దున దుర్గయ్య పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కేతేపల్లికి నడిచి వెళ్ళడం, అక్కడి మంగలి దగ్గర మీసం తీయించుకోవడం, చేతినిండా ఎర్రగాజులు కొనుక్కోవడం, ఎండ ముదరకముందే బండమీదిగూడెం తిరిగి వచ్చి చీర కట్టుకోవడం. ఇందులో ప్రమాదకరమైన పని ఒక్కటీ లేదు. తోడేళ్ళు తిరిగే గుట్టల్లో గొర్రెల మందను కాచుకొచ్చే మనిషికి ఇదొక లెక్కా అనుకున్నాడు.

చీర సంగతి ముందే చెప్పాలి. ఆ ఊళ్ళో ప్రతి బీరప్ప పండుగకూ "పోచక్క సంసారం" అనే ఆట ఆడేవారు. పోచక్క, ఆమె మొగడు, ఆమె అత్త, ఈ ముగ్గురే మనుషులు. ఏ ఏటికాయేడు కొత్త కథ. ఒక ఏడు మొగడు మేకను అమ్మడానికి పోయి ఒంటెను కొనుక్కొస్తాడు. మరో ఏడు అత్త తప్పిపోయిందని ఊరంతా వెతికి, చివరికి అటక మీద పేలాలు తింటుండగా పట్టుకుంటారు. కథ మారినా మనుషులు మారరు, వాళ్ళ బుద్ధులు అసలే మారవు. నైజాం కాలంలో మొదలైన ఆట, సర్కార్లు మారినా ఆగలేదు. ఒక ఏడు అక్కడ నవ్విన నవ్వులకు పక్కన నిలబడ్డ చూలి గొర్రె అక్కడికక్కడే ఈనిందనీ, పుట్టిన పిల్ల కూడా ఏడవకుండా ఇకిలించిందనీ ఆ ఊరివాళ్ళు చెబుతారు. నమ్మని వాళ్ళకు ఆ గొర్రె మనవరాళ్ళను చూపిస్తారు.

ఆట కట్టింది దుర్గయ్య తండ్రి పెద్దులు. పోచక్క వేషం దుర్గయ్యది. మొగడి వేషం అతని మేనబావ, పెద్దులు మేనల్లుడు జానయ్యది. అత్త వేషం పక్కింటి లింగస్వామిది. ఏడెనిమిదేండ్ల కింద ఒక పండుగనాడు ఆట ముగిశాక, జనం నవ్వింది ఎవరిని చూసి అన్న దగ్గర బావా బామ్మర్దులకు మాట పెరిగింది. "నేను లేకుంటె నీకు మొగడెవడురా?" అన్నాడు జానయ్య. "పోచక్క మొగడు లేకుంట గూడ బతుకుతది, పో" అన్నాడు దుర్గయ్య. జానయ్య నిజంగానే పోయాడు. సూర్యాపేట దారిలో ఉన్న అత్తగారి ఊళ్ళో గుడిసె వేసుకున్నాడు. ఆట ఆగిపోయింది. దుర్గయ్య మీసం పెంచాడు.

ఇప్పుడు పెద్దులుకు ఒక కన్ను పూర్తిగా పొర కమ్మింది, రెండోది కమ్ముతోంది. నల్లగొండ దవాఖానలో డాక్టరు చూసి, వచ్చే పండుగకు ఏ మాత్రం కనపడుతుందో చెప్పలేనన్నాడు. అప్పటినుంచి ముసలాయనది ఒకటే మాట. "నాకు చూపుండంగ మీ ముగ్గుర్ని ఒక్కసారి ఒక్కకాడ సూడాలె. జానిగాన్ని బిలువురి." లింగస్వామి వెంటనే ఒప్పుకున్నాడు. జానయ్యకు ఎన్నిసార్లు కబురు పంపినా, "మొగడు లేకుంట బతుకుతది గద, బతుకుమనుండ్రి" అన్న జవాబే తిరిగొచ్చింది. చేసేది లేక మొగడి వేషానికి కాటమయ్యను పెట్టారు. కాటమయ్య చాలా మంచివాడు. నలుగురి ముందు నోరు విప్పమంటే మాత్రం మంచితనమంతా చెమటై కారిపోతుంది.

ఇక మీసం. ఊరి మంగలి గుర్వయ్య కత్తి పెట్టనన్నాడు. ఆ సీమలో మగవాడు మీసం తీశాడంటే ఇంట్లో తండ్రి పోయాడని అర్థం.

"నీ బాపు నిమ్మళంగ రొట్టె తింటుంటె నేను నీ మీసం ఎట్ల తియ్యాలె?" అన్నాడు గుర్వయ్య.

అరుగు మీదినుంచి పెద్దులు కేకేశాడు. "తియ్యిరా గుర్విగా! నేను జెప్తున్న గద."

"నువ్వు జెప్తె ఎట్ల తాతా? నువ్వు బతికున్నవ్ గద!"

"బతికుండంగ తీస్తెనే గదరా నేను ఆట సూసేది!"

ఎంత న్యాయమైన మాటకూ గుర్వయ్య కత్తి కదలలేదు. అందుకే కేతేపల్లి ప్రయాణం.

కేతేపల్లి మంగలి అంజయ్య ఏమీ అడగలేదు. మీసం అనగానే దుర్గయ్య వంక జాలిగా చూసి, మెత్తగా నీళ్ళద్దాడు.

"బాపుది పెద్ద వయసేనా?"

"పెద్దదే. కండ్లే జర ఇబ్బంది."

"ఇంక ఆ ఇబ్బంది గూడ లేదు తియ్" అన్నాడు అంజయ్య.

దుర్గయ్య దాన్ని దీవెనగా తీసుకున్నాడు. గాజులు కొని మూటలో కట్టుకొని, బస్సులు పోయే సడక్ వెంట ఇంటిదారి పట్టాడు. దారిలో పనికొచ్చే పని చేసుకుందామనిపించింది. ఆట మొదట్లో పోచక్క తన కోడిపెట్ట చచ్చిపోయిందని గుండె బాదుకొని ఏడవాలి. ఇన్నేండ్ల తర్వాత ఆ ఏడుపు వస్తుందో రాదో! చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, నెత్తిన చెయ్యి పెట్టి, "నన్నిడిసి ఎట్ల బోతివే నా తల్లీ!" అని అందుకున్నాడు. ఏడుపు రావడమే కాదు, కండ్లలో నీళ్ళు కూడా వచ్చాయి. తన పనితనానికి తనకే ముచ్చటేసింది. ఇంకాస్త గట్టిగా గుండె బాదుకున్నాడు.

అదే సమయానికి సూర్యాపేట పోయే బస్సు పక్కనుంచి దూసుకుపోయింది. అందులో కిటికీ పక్కన కూర్చున్నది బిక్షమ్మ. పెద్దులుకు వరసకు చెల్లెలు, జానయ్య ఉంటున్న ఊరి మనిషి. ఆమెకు దుర్గయ్య మాట వినిపించలేదు. మీసం లేని మూతి, గుండె బాదుకునే చెయ్యి, చెంపల మీద నీళ్ళు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

"అయ్యో మా అన్న! బస్సాపుండ్రి, బస్సాపుండ్రి!"

"నీ చుట్టం పోయిండని నడిమిట్ల ఆపితె, నేను సూర్యాపేట పోయేదెప్పుడమ్మా?" అన్నాడు కండక్టర్. బస్సు ఆగలేదు.

బస్సు ఆగని చోట కబురు ఆగుతుందా? మొదటి ఊరి దగ్గర దిగిన వాళ్ళతో పెద్దులు పోయాడన్న మాట దిగింది. రెండో ఊరికి వచ్చేసరికి తెల్లవారుజామున కొడుకు ఒళ్ళో పోయాడు. బిక్షమ్మ తన ఊళ్ళో దిగేసరికి, పెద్దులు "జానయ్యా, జానయ్యా" అని కలవరిస్తూ పోయాడు. ఆ చివరి ముక్క ఎవరు చేర్చారో ఎవరూ ఒప్పుకోలేదు. విచిత్రమేమిటంటే, మొత్తం కబురులో నిజమైన ముక్క అదొక్కటే.

జానయ్య అప్పుడు గొర్రెకు ఉన్ని కత్తిరిస్తున్నాడు. కబురు విని చేతిలో కత్తెర అట్లాగే వదిలేశాడు. ఒకవైపు ఉన్నితో, ఒకవైపు బోడిగా ఆ గొర్రె లేచి మందలోకి పోతే, మిగతావి దాన్ని చుట్టూ తిరిగి చూశాయి.

"పిలిచినన్నాళ్ళు పోకపోతివి. ఇప్పుడు పోయి ఎవలికి జెప్తవ్?" అన్నది అతని భార్య భద్రమ్మ. తిట్టాలనే మొదలుపెట్టింది, కానీ మధ్యలోనే ఆపి గంప కోసం లోపలికి పోయింది.

జానయ్య గొడ్డలి తీసుకొని పోయి, పాడెకని మంచి వెదుర్లు నరుక్కొచ్చి బండిలో వేశాడు. చావు ఇంట్లో పొయ్యి వెలగదు గనుక, భద్రమ్మ తన పొయ్యిమీది అన్నం, పులుసు గంపలోకి సర్దింది. బిక్షమ్మ కొత్త బట్ట కొన్నది. ఆ దారిలో ఊరూరి చుట్టాలు అట్లాగే బయల్దేరారు, కొందరు గంపలతో, కొందరు కల్లు కుండలతో, ఒకరిద్దరు డప్పులతో.

ఇక్కడ బండమీదిగూడెంలో ఊరు ఊరంతా బోనాలెత్తుకొని బీరప్ప గుడికి పోయింది. దుర్గయ్య భార్య సోమమ్మ కూడా అక్కడే ఉంది. ఇంటి లోపల దుర్గయ్య, లింగస్వామి చీరలు కట్టుకుంటున్నారు. కాటమయ్య ఒక మూల గోడవైపు తిరిగి తన మాటలు తాను గొణుక్కుంటున్నాడు. పెద్దులు ఒక్కడే వాకిట్లో మంచం మీద, ఎండ తగలకుండా గొంగడి కప్పుకొని కూర్చున్నాడు.

వీధి మలుపులో ఏడుపులు వినబడ్డాయి. పెద్దులుకు మనుషులు మసక మసకగా కదులుతున్నట్టు కనబడ్డారు. ఎవరో పోయారు పాపం అనుకున్నాడు. తోటి మనిషిగా ఊరుకోవడం మర్యాద కాదని, గొంగడి నెత్తిమీదికి లాక్కొని తానూ సన్నగా ఏడుపందుకున్నాడు.

ముందుగా వచ్చిన ఒకామె ఆయన పక్కన కూలబడి వీపు నిమిరింది. "ఊకో పెద్దయ్యా, ఊకో. అందరం పోయేటోళ్ళమే."

"ఔ బిడ్డా. మనిషి బతుకెంత!" అని ముక్కు తుడుచుకున్నాడు పెద్దులు. "గింతకు పోయిందెవలు?"

"పెద్దులు మామ."

"ఏ పెద్దులు?"

"గీ ఇంటి పెద్దులు మామనే. పొద్దుగాల పోయిండంట."

పెద్దులు చాలాసేపు ఆలోచించాడు. "గట్లనా?" అన్నాడు చివరికి. "నాకెవ్వలు జెప్పలే."

ఆయన గొంగడి తీసి ఇంకేదో అడగబోయేలోపలే ఇంటి తలుపు తెరుచుకుంది. లోపల దుర్గయ్యకు వినబడింది జనం సందడి. ఆట చూడటానికి ఊరు ముందే వచ్చేసిందని సంబరపడ్డాడు. ఎర్రచీర, ఎర్రగాజులు, నుదుట రూపాయంత బొట్టుతో గుండె బాదుకుంటూ వాకిట్లోకి వచ్చి, "నన్నిడిసి ఎట్ల బోతివే నా తల్లీ!" అన్నాడు.

వాకిలి ఒక్కసారిగా గొల్లుమంది. తండ్రి పోయిన దుఃఖంలో కొడుకుకు మతి చలించి పెండ్లాం చీర కట్టుకున్నాడని ఆడవాళ్ళు అతని మీద పడి ఏడ్చారు. జనం ఆటకు ఇంతగా కరిగిపోవడం దుర్గయ్య ఏనాడూ చూడలేదు. ఇంకాస్త గొంతు పెంచాడు. వెనకాలే అత్త వేషంలో లింగస్వామి వచ్చాడు. అతన్ని చూసి, "ఈయనకు గూడ సోకిందే!" అని బిక్షమ్మ నెత్తి బాదుకుంది. కాటమయ్య తలుపు సందులోంచి ఆ జనాన్ని చూసి, వెనక తలుపు గుండా బయటపడ్డాడు. ఆ రోజు అతను మళ్ళీ కనిపించలేదు.

అంతలో వెదుర్లు భుజాన వేసుకొని జానయ్య వచ్చాడు. వెదుర్లను వాకిట్లో పడేసి, దుర్గయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు.

"తప్పయిందిరా బామ్మర్దీ! మామ నన్నడుక్కుంట పోయిండంటగదరా. నా మొండితనం మన్నుగాను! ఒక్క పూట వచ్చిపోతె నా సొమ్మేం పోతుండెరా?"

దుర్గయ్య సాయం కోసం లింగస్వామి వంక చూశాడు. ఇది ఆటలో లేని మాట.

"అడిగిన" అన్నది మంచం మీది గొంగడి. "ఇంక గూడ అడుగుతున్న. యాడ బోయినవురా జానిగా ఇన్నేండ్లు?"

గొంగడి జారి పెద్దులు ముఖం బయటపడగానే, పక్కన కూర్చొని వీపు నిమిరిన ఆమె ఒక్క గెంతుతో మంచం కింద తేలింది. ఒక డప్పు తనంత తానే మోగింది. తేరుకున్నాక అందరి కండ్లూ బిక్షమ్మ మీదికి తిరిగాయి. "నన్ను జూస్తరేంది? ఆ మూతి జూడుండ్రి!" అని ఆమె దుర్గయ్య పైపెదవి వైపు వేలు చూపించింది.

జానయ్య ముఖంలో మొదట వెలుగు వచ్చింది. మామ బతికే ఉన్నాడు! ఒక్క అడుగు ముందుకు వేశాడు కూడా. కానీ చూపు దుర్గయ్య గాజుల మీద పడేసరికి ఆ వెలుగు మండింది.

"నన్ను గిట్ల రప్పించెటందుకా మీసం తీసింది? చావును గూడ ఆట చేసినవా?"

"నిన్ను రమ్మన్నదెవలు బావా? మాకు కాటమయ్య ఉన్నడు!" అని దుర్గయ్య వెనక్కి తిరిగి చూశాడు. కాటమయ్య లేడు.

"అయితె ఆయనతోనే ఆడుకో" అని జానయ్య తిరిగి బండివైపు నడిచాడు. పెద్దులు మంచం మీద ముందుకు వంగి, మిగిలిన ఒక్క కన్ను చికిలించి, మసకలో ఆ పోయే వీపు కోసం వెతికాడు. ముసలాయన పిలవలేదు. అడగాల్సిందంతా అడిగేశాడు.

దుర్గయ్య తండ్రి ముఖం చూశాడు. ఇప్పుడు పోయిన మనిషి మళ్ళీ వచ్చేనాటికి ఆ కన్ను ఉండదు. బావా అని పిలిస్తే ఆగడు. బతిమాలడం తనకు చేతకాదు. చేతనయింది ఒక్కటే. కొంగు నడుముకు దోపి, పోచక్క గొంతు పెట్టి, ఊరి చివరకు వినబడేట్టు అరిచాడు.

"ఓ మొగడా! ఇంట్ల కోడి సచ్చి నేనేడుస్తుంటె నువ్వు యాడికి బోతున్నవ్?"

జానయ్య ఆగలేదు. నోరు మాత్రం పాత అలవాటున, వెనక్కి తిరగకుండానే పలికేసింది.

"మసాల తేవద్దా మరి?"

వాకిలి పగిలిపోయినట్టు నవ్వింది. ఏడ్చి ఏడ్చి అందరి కండ్లలో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయేమో, నవ్వుకు కొత్తగా తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది. అన్నిటికన్నా పెద్ద నవ్వు మంచం మీదినుంచి వచ్చింది. ఆ నవ్వు వినగానే జానయ్య కాళ్ళు ఆగిపోయాయి. నిలబడి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకొని, అదే తువ్వాలు తలకు చుట్టి, పోచక్క మొగడై తిరిగొచ్చాడు.

గుడినుంచి ఊరు తిరిగొచ్చేసరికి ఆట జోరుగా నడుస్తోంది. పాడెకు తెచ్చిన వెదుర్లు వాకిట్లో నాలుగు మూలలా నిలబడ్డాయి, శవానికి తెచ్చిన కొత్త బట్ట వాటికి తెరయింది. అపశకునమని ఎవరో అంటే, "నాకని తెచ్చినవే గద, నేనే వాడుకుంటున్న" అన్నాడు పెద్దులు. మంచాన్ని ఆట మధ్యకే లాగించుకున్నాడు. అత్త వేషంలో లింగస్వామి రెండుసార్లు ఆయన మీద పడ్డాడు. ఆ తర్వాత ముసలాయన కూడా కథలో ఒక మనిషని సర్దుకొని, అత్త ఆయన్ను కూడా తిట్టింది.

సోమమ్మ పొయ్యి వెలిగించాల్సిన పనే లేకపోయింది. గంపలన్నీ విప్పారు, కల్లు కుండలు దించారు. పొద్దు వాలుతుంటే అందరూ వరసగా కూర్చొని తిన్నారు. పెద్దులు చెయ్యి చాచి ఒకవైపు దుర్గయ్యనూ, ఒకవైపు జానయ్యనూ తడిమి, పక్కనే ఉన్నారని నమ్మకం కుదిరాక అన్నాడు.

"నాకోసం గింతమంది ఏడ్సిండ్రు, నా చెవులతోని విన్న. నాకోసం గింతమంది నవ్విండ్రు, నా కన్నుతోని సూసిన. మీరంత సల్లగుండాలె బిడ్డా. బిక్షమ్మా, నువ్వయితె ఇంకింత సల్లగుండాలె."

బిక్షమ్మ కొంగుతో కండ్లొత్తుకుంది. ఈసారి ఎందుకో ఆమెకే తెలియదు. జానయ్య తన ముద్దను మామ నోటి దగ్గర పెట్టి, "వచ్చే పండుగకు ముందుగాల్నే వస్త మామా. నీకు కానరాకుంటె దగ్గర కూసొని జెప్త" అన్నాడు. "నువ్వు జెప్తె నవ్వు రాదు బావా, నేను జెప్త" అన్నాడు దుర్గయ్య. మళ్ళీ మాట పెరుగుతుందేమోనని భద్రమ్మ ఇద్దరి విస్తళ్ళలోనూ గబగబా పులుసు పోసింది.

పెద్దులు ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు బతికి, చూపు పోయినా ఏ పండుగకూ నవ్వు పోగొట్టుకోలేదు. చివరికి ఆయన నిజంగానే పోయిన నాడు, కబురు మోసుకెళ్ళిన మనిషిని చుట్టాలు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈ ఏటి కథేమిటని అడిగారు.