నడిబొడ్డు మీద సింహం

ఒక పెద్ద అడవిలో, అంటే సమస్య మీద వేసిన కమిటీ తిరిగొచ్చేలోపు సమస్యే ముసలిదై చచ్చేంత పెద్ద అడవిలో, ఒక సింహం రాజ్యమేలుతోంది.

ఒకనాడు కొలువులో దానికి సరదా పుట్టింది. కొమ్మను కరుచుకుని ఆకాశం చూడటమే పనిగా పెట్టుకున్న దేవాంగపిల్లిని పిలిచి, "ఏమే, ఆ చుక్కలు నా గురించి ఏమనుకుంటున్నాయి?" అంది.

దేవాంగపిల్లికి కళ్లు పెద్దవి, లౌక్యం చిన్నది. "అవి చాలా దూరాన ఉన్నాయి ప్రభూ. తమరు ఉన్నట్టే వాటికి తెలియదు."

సింహం ముఖం మాడిపోయింది. ఆ పూట దుప్పి మాంసం కూడా ముట్టలేదు.

మంత్రి నక్క ఊరుకుంటుందా? విశ్వ కేంద్ర నిర్ధారణ సంఘం వేసేసింది. అధ్యక్షత తనది. సభ్యుడు ఎలుగుబంటి, ఏ సభలోనైనా మొదట చప్పట్లు కొట్టేది అదే కాబట్టి. సంఘం ముందు భోంచేసింది. తర్వాత సింహం కూర్చునే బండ ఎక్కి నలువైపులా చూసింది. ఎటు చూసినా ఆకాశం ఒక్కలాగే వంగి ఉంది.

"తేలిపోయింది! విశ్వానికి నడిబొడ్డు తమరే ప్రభూ. సమస్తం తమ చుట్టూనే తిరుగుతోంది," అంది నక్క. ఎలుగుబంటి చప్పట్లు కొట్టి, సింహానికి మోదుగాకుల శాలువా కప్పింది.

"నా కొమ్మ మీంచి చూసినా అలాగే కనిపిస్తుందండీ," అని గొణిగింది దేవాంగపిల్లి.

"అంటే నడిబొడ్డు నువ్వా? రాజద్రోహం!" నక్క ఎగిరిపడింది. పౌర్ణమిలోగా క్షమాపణ చెప్పు, లేదా అడవి వదిలిపో అని తీర్పు ఇప్పించింది. పాపం, దానికి తెలిసిన ఇల్లు ఆ ఒక్క కొమ్మే.

మర్నాడు సింహం వాగుకు బయల్దేరితే నక్క అడ్డం పడింది. "అయ్యో ప్రభూ! నడిబొడ్డు కదిలితే చుక్కలు రాలిపోవూ? తమరు కూర్చోండి. నీళ్లూ వేటా మేం తెస్తాం."

తెచ్చారు. వేట నక్క నోటి మీదుగా వచ్చేది కాబట్టి బండ దాకా ఎముకలే చేరేవి. ఆకుదొప్పలో నీళ్లు దారిలోనే సగం కారిపోయేవి. ఎండకు బండ పెనంలా కాలింది. సింహం డొక్కలు ఎండాయి. నక్క పొట్ట మాత్రం విశ్వంలాగే నానాటికీ విస్తరించింది.

పౌర్ణమి నాడు చీకటి పడ్డాక దేవాంగపిల్లి వచ్చింది. క్షమాపణ చెప్పేద్దామనే వచ్చింది. ఇల్లు పోతుందంటే ఎవరికి భయం ఉండదు?

సింహం నీరసంగా, "క్షమాపణ తర్వాత. ముందు ఇది చెప్పు తల్లీ. నేను బండ దిగితే చుక్కలు రాలతాయా?" అని అడిగింది.

దేవాంగపిల్లి నక్క వంక చూసింది. తన కొమ్మ వంక చూసింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గానీ, సింహం పగిలిన పెదాలు చూసి జాలేసింది.

"రాలవు ప్రభూ. తమరు దిగినట్టే వాటికి తెలియదు."

"తెలియదా? కొంచెం కూడా?"

"బొత్తిగా తెలియదు."

"ఆహా! మళ్లీ చెప్పవే!" సింహం కళ్లలో నీళ్లు తిరిగాయి. శాలువా విసిరేసి ఒక్క గంతులో వాగు చేరి, కడుపారా తాగింది. తలెత్తి చూస్తే చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తిరిగొచ్చి అంది: "దేవాంగపిల్లీ, నీ కొమ్మ నీదే. మంత్రీ, నడిబొడ్డు కదలకూడదన్నావుగా? ఎక్కు బండ!"

నక్క ఇంకా అక్కడే కూర్చుని ఉంది. దానికి శాలువా కప్పిందీ, చప్పట్లు కొట్టిందీ ఎలుగుబంటే.

నీతి: చుక్కలు మనల్ని పట్టించుకోకపోవడమే మంచిది, పట్టించుకుంటే గుక్కెడు నీళ్లు తాగడానికి కూడా కమిటీ వేయాల్సి వస్తుంది.