తువ్వాల కింద బొంబాయి ధర

బోథ్‌లో రాయమల్లు కోతమిషన్ దసరా నుంచి మూగబోయి ఉంది. కోయడానికి టేకు లేదు. కూలీలు పక్క మిషన్ వైపు మెడలు సాచి చూస్తున్నారు. ఇవాళ అటవీశాఖ డిపో వేలంలో ఒక లాటు టేకు మొద్దులు చవకగా కొట్టేస్తే రేపు మిషన్ తిరుగుతుంది. మిషన్ తిరిగితే చాలని దేవుడికి దండం పెట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని పొద్దున్నే బయలుదేరాడు.

డిపో గేటు దగ్గర కామేశం ఎదురయ్యాడు. ధరల సమాచారం కోసం ప్రభుత్వం కొత్తగా వేసిన గుమాస్తా, తెనాలి మనిషి.

"బర్మా టేకు బొంబాయిలో ఎంత పలుకుతోందో మధ్యాహ్నం తంతి వస్తుందండి. చదివి వినిపిస్తాను. ఇక్కడి ధర అక్కడికి పంపిస్తాను. అందరికీ మేలు!"

ఉత్తపుణ్యానికి ధర చెప్పేవాణ్ణి రాయమల్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వీడికి ధర ముందే తెలుసు, ఎవరికో అమ్ముకుంటున్నాడు అనుకున్నాడు.

అక్కడి వ్యాపారులు ధర నోటితో చెప్పుకోరు. చేతులమీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు నొక్కుతారు. వేలికి వంద. పైకి మాత్రం వానల సంగతి మాట్లాడుతుంటారు.

రాయమల్లు తువ్వాల కప్పి కామేశం వేళ్లు మూడు నొక్కాడు. బండి టేకు మూడు వందలా అని అడగడమది. ఇక్కడి పలకరింపు ఇదే కాబోలనుకున్న కామేశం, మర్యాదకు లోటెందుకని అయిదు వేళ్లూ బిగించి నొక్కాడు.

అయితే బొంబాయి ధర మూడు కాదన్నమాట. అయిదు వందలా!

ఇదంతా చూసిన హనుమండ్లు, పక్క మిషన్ యజమాని, దగ్గరికొచ్చాడు.

"సర్కారోడు ఏం చెప్పిండే?"

"ఏం లే అన్నా. చలి మస్తున్నదంటుండు."

"చలి ముచ్చటకు గంత చెమటేంది?"

హనుమండ్లు కూడా తువ్వాలతో వెళ్లాడు. అతనికీ అయిదు వేళ్ల మర్యాదే దక్కింది. ఆ తర్వాత డిపోలో ఉన్నవాళ్లంతా వరస కట్టారు. ఇంత ఆప్యాయత గల ఊరు చూడలేదని కామేశానికి కళ్లు చెమర్చాయి.

వేలం రెండు వందల దగ్గర మొదలై, బొంబాయి ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతో పోటాపోటీగా పెరిగి, అయిదు వందల దగ్గర రాయమల్లు మీద ఆగింది. అతను మీసం దువ్వుకుంటుండగా తంతి వచ్చింది. బొంబాయి ధర మూడు వందలు.

"మరి అయిదెందుకు నొక్కినవ్ సారూ?"

"మీరు ప్రేమగా పలకరించారు కదండీ!"

కామేశం బోథ్ ధర బొంబాయికి పంపాడు. అడవి పక్కనే అయిదు వందలంటే అడవి అయిపోయిందన్నమాటేనని సేట్లు బెంబేలెత్తారు. వారం తిరిగేసరికి ఒక సేటు మనిషి దిగి, ఏడు వందలిస్తానన్నాడు.

"ఇచ్చెయ్యరాదు?" అంది భార్య చంద్రవ్వ.

"నీకెర్క లేదు. వాడు ఏడంటుండంటే అసలు ధర పది ఉంటది!"

రాయమల్లు అమ్మలేదు. ఏడొందలకూ అమ్మడంటే కట్టెలో ఏదో మోసముందని అనుమానపడి, సేటు మనిషి వచ్చిన బస్సే ఎక్కాడు. తెల్లారేసరికి ధర మళ్లీ మూడు వందలకు దిగింది.

కూలీలను నిలుపుకోవాలంటే ఇక ఆ మొద్దులే కోయాలి. రాయమల్లు ఏడుపు దిగమింగుకుని మిషన్ ఆన్ చేయించాడు. అది జోరుగా తిరిగింది, తిరిగినకొద్దీ నష్టం వచ్చింది.

మిషన్ తిరగాలనే అతను దేవుణ్ణి కోరుకున్నాడు గాని, లాభం మాట ఎత్తలేదు.