ముప్పై అయిదు సెంటీమీటర్ల మహాభాగ్యం

ఉల్లికాడను స్కేలుతో కొలవడం మొదలయ్యాకే మా ఊరికి నాగరికత వచ్చింది. నవ్వకండి, నిజం!

నేను చూ షిన్‌మావ్‌ని. చైనాలోని షాన్‌డాంగ్‌లో, జపాన్‌కు ఉల్లికాడలు పంపే షెడ్డులో కొలతల గుమాస్తాని. నాకూ అరెకరం ఉల్లి ఉంది. మా కాడలు చేతికర్రలంత పొడుగు. పూర్వం కొనేవాడు వచ్చి కట్టను చేత్తో ఎత్తి చూసి, నాలుగు కబుర్లు చెప్పి బండికెత్తించుకునేవాడు. ఎంత అనాగరికం!

ఇప్పుడలా కాదు. తెల్లభాగం ముప్పై అయిదు సెంటీమీటర్లు. లావు బొటనవేలంత. పైన ఆకులు మూడే. వంకర ఉందా? అది కాడ నడవడికలో లోపం. మనుషుల్లో ఇంత క్రమశిక్షణ ఎక్కడైనా చూశారా?

మా వెనకింటి లువాన్ పిన్నికి అరవై రెండేళ్లు. తెల్లభాగం సాగాలంటే కాడ మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తూ ఉండాలి. ఆవిడ నాలుగుసార్లు ఎగదోసింది. కాడలు నిటారుగా లేచాయి, పిన్ని నడుం వంగిపోయింది. సమతూకమంటే ఇదే కదా!

తీరా ఆవిడ పంట షెడ్డుకు తెచ్చిన ఉదయమే నా ఫోనుకు మెసేజీ వచ్చింది. జపాన్‌లో సూపర్‌మార్కెట్ వాళ్ల సంచి మారింది. ఇకపై తెల్లభాగం ముప్పై సెంటీమీటర్లు దాటకూడదు.

"ఓస్, అంతేనా? కోసి పారెయ్యరా" అంది పిన్ని.

"కింద కోస్తే వేరు పోతుంది, పైన కోస్తే ఆకులు పోతాయి. రెండూ ఉండాలి పిన్నీ."

"మరి నువ్వే కదరా వేసంగిలో వచ్చి ముప్పై అయిదన్నావు?"

"అప్పుడు ముప్పై అయిదే. కొలత మార్చే హక్కు కంపెనీదని కాగితంలో ఉంది."

"వాళ్ల సంచి పొట్టిదైతే నా ఉల్లిది తప్పా? ఆ సంచి కుట్టినోడి దగ్గరికి ఎవరైనా స్కేలు పట్టుకెళ్లార్రా?"

ప్రపంచ వాణిజ్యం ఇలాంటి మొరటు ప్రశ్నలకు జవాబివ్వదు. నేను ఫారం తీసి 'తిరస్కరణ' అని రాసి సంతకం పెట్టాను.

ఆవిడ వెనకాల వరసలో ఉన్న బండి మాదే. పగ్గం పట్టుకుని మా ఆవిడ నిలబడింది. కొలిచాను. ముప్పై ఆరు!

"ఏంటలా చూస్తావు? పెట్టు సంతకం. పిన్నికి పెట్టిన చెయ్యేగా!" అంది.

పెట్టాను. తన పంటను తనే తిరస్కరించుకునే స్వేచ్ఛ ఏ కాలపు రైతుకు దక్కింది చెప్పండి?

రెండు బళ్లూ రోడ్డు పక్కన దింపేశాం. దారినపోయేవాళ్లు అయిదో పదో కట్టలు పట్టుకెళ్లారు. మిగతావి ఎండకు వాడిపోతున్నాయి. పిన్ని ఆ కుప్ప పక్కనే కూర్చుని మూట విప్పింది. రొట్టెకు సోయా ముద్ద రాసి, ఓ కాడ చుట్టి నా చేతిలో పెట్టింది.

"తిను. ఏం పాడైందో చెప్పు."

కొరికాను. కరకరలాడింది. తియ్యగా ఉంది, చివర్లో ముక్కుకు కాస్త ఘాటు. పిన్ని నా మొహంలోకే చూస్తోంది. తప్పించుకోవడానికి ఫారం తెరిచి పైనుంచి కిందదాకా వెతికాను. పొడవు ఉంది, లావు ఉంది, వంకర ఉంది, రంగు ఉంది.

రుచికి గడి లేదు.