పండితుడి ఎదుట ఖాళీ

పదకొండింటికల్లా చివరి ప్రూఫులు అచ్చుకు పంపేసి, ఇంటికెళ్ళి హాయిగా ఓ కునుకు తీయాలని నిఘంటువు సంపాదకుడు ఆ ఉదయం అనుకున్నాడు. పన్నెండేళ్ళ చాకిరీ మరి! తీరా చూస్తే ఒక్క మాట ఎదుట ఖాళీ మిగిలిపోయింది. ఆ మాట ‘పండితుడు’. అర్థం ఉంది, పుట్టుక లేదు. ముఖపత్రం మీద ఆయన పేరుకు ముందే ‘పండిత’ అని ఉందాయె. ఇక పరువేం కావాలి!

సరిచూద్దామంటే పాత నిఘంటువు మూడేళ్ళుగా కనపడటం లేదు. తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాక సహాయకుణ్ణి పిలిచాడు.

“పండితుడనే మాట ఎలా పుట్టిందోయ్? నీకు తెలుసో లేదో చూద్దామని.”

“భలేవారే, తెలియకేం! రాసి పట్టుకొస్తా” అంటూ సహాయకుడు పక్కగదిలోకి జారుకుని, గ్రంథాలయం ఆవిడకు ఫోన్ చేశాడు. “మీకు తెలుసో లేదో చూద్దామని” అన్నాడు. ఆవిడా తక్కువ తినలేదు. తనకు చదువు చెప్పిన మాస్టారికి అదే పరీక్ష పెట్టింది. ఆ మాస్టారు సంపాదకుడికి స్వయానా వియ్యంకుడు.

సంపాదకుడి ఫోన్ మోగింది.

“బావగారూ, పండితుడనే మాట ఎలా పుట్టిందంటారు? ఊరికే, మీకు తెలుసో లేదో చూద్దామని.”

సంపాదకుడికి చెమటలు పట్టాయి. వియ్యంకుడి దగ్గర తల దించడమా! “ఆమాత్రం తెలీదా బావగారూ? చదువు పండినవాడు పండితుడు” అని నోటికొచ్చింది అనేశాడు.

పావుగంటలో సహాయకుడు పరుగున వచ్చాడు. “చదువు పండినవాడండీ! ఇద్దరు పెద్దవాళ్ళు ఖాయం చేశారు.”

“చూశావా, నేనూ అదే అనుకున్నా!” సంపాదకుడికి ప్రాణం లేచొచ్చింది. తన కల్పనను తానే నమ్మేసి కలం తీశాడు.

గది ఊడుస్తున్న ఆవిడ ఆగింది. “పొద్దున్నుంచీ ఏంటండీ ఈ ఫోన్లు?”

“ఒక మాట పుట్టుక కోసం. నీకు తెలుసా?” అన్నాడు హుషారుగా.

“నాకు తెలీదండీ. ఆ లావుపాటి పాత పుస్తకంలో ఉండదా?”

“అది పోయి మూడేళ్ళయింది.”

“పోవడమేంటండీ! బల్ల ఊగుతోందని కాలి కింద మీరే పెట్టమన్నారుగా.”

లాగి, దుమ్ము దులిపి ఇచ్చింది. ‘పండ అంటే మంచిచెడ్డలు విడమరిచి తెలుసుకునే బుద్ధి. అది కలవాడు పండితుడు’ అని ఉంది. సంపాదకుడు రెండుసార్లు చదివాడు. పొద్దున్నుంచీ నలుగురు చదువుకున్నవాళ్ళలో ఒక్కరి నోటా ‘తెలియదు’ అన్న మాట రాలేదు. అన్నది ఈవిడ ఒక్కతే. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

ఖాళీ నింపాడు. ముఖపత్రం తీసి, తన పేరుకు ముందున్న ‘పండిత’ కొట్టేశాడు.

“మళ్ళీ కాలి కింద పెట్టేయమంటారా?” అంది ఆవిడ.

“వద్దమ్మా. బల్ల మీద పెట్టండి.”

అప్పటినుంచీ ఆ బల్ల ఊగుతూనే ఉంది.